తుపాకి గొట్టమును తొలుచుటయా, మార్చుటయా?

తొలకరి వానలకు ముందు కమ్మరి కొలిమి వద్ద రైతులు గుమిగూడుట భూపాలపల్లి ప్రాంతమునందలి మొగుళ్లపల్లి వంటి తెలంగాణ గ్రామములలో పూర్వము పరిపాటి. అరిగిన నాగటి కర్రును కమ్మరి కొలిమిలో కాచి, సాగగొట్టి, మొన తీర్చి యిచ్చును. మరింత అరిగినచో క్రొత్త ఇనుప ముక్కను దానికి అతికి మరల కర్రుగా చేయును. అది కూడ పనికిరానప్పుడు మాత్రమే రైతు క్రొత్త కర్రును కొనును. బాగుచేయుటయా, మార్చుటయా అను ప్రశ్నకు ఇక్కడ సమాధానము సులభము. కర్రు అరుగుదల పైకి కనిపించును. పోయిన ఇనుమును మరల అతుకవచ్చును.

ఇదే ప్రశ్న తుపాకి గొట్టము విషయమున చాల కఠినమగును. తుపాకి గొట్టము లోపలి వైపున అరుగును. లోపలి ఇనుమును ఒకసారి తొలిచివేసిన పిదప దానిని మరల అక్కడ పెట్టుటకు ఏ కమ్మరికిని సాధ్యము కాదు. అందువలన గొట్టమును సవరింపవలెనా, తీసివేసి క్రొత్తదానిని బిగింపవలెనా అను నిర్ణయము ఎల్లప్పుడును ఒక కొలతపై ఆధారపడి యుండును. ఆ కొలత గొట్టపు గోడ మందము. ఈ చిన్న కొలతను లెక్కచేయక తీసికొనిన ఒక నిర్ణయము పందొమ్మిదవ శతాబ్దిలో మన దేశపు సిపాయిల చేతికి బలహీనమైన తుపాకులను తెచ్చిపెట్టెను. ఆ కథలో యంత్రశాస్త్రము ఎంత కలదో రాజకీయము కూడ అంత కలదు.

గొట్టములోని చాళ్ళు

తుపాకులు రెండు విధములు. గొట్టము లోపల నున్నగా నుండునది మస్కెట్టు. లోపలి గోడపై మెలిక తిరిగిన సన్నని చాళ్ళు కలది రైఫిలు. దున్నిన పొలములో చాలునకు చాలునకు నడుమ గట్టు మిగిలినట్లే రైఫిలు గొట్టములో కూడ చాళ్ళ నడుమ గట్లు మిగులును. మందు పేలి గుండు ముందునకు పోవునప్పుడు ఈ గట్లు గుండును పట్టుకొని తిప్పును. అట్లు గిరగిర తిరుగుచు వెడలిన గుండు, తిరుగుచున్న బొంగరము పడిపోక నిలిచినట్లే, తన మొనను ముందునకే ఉంచుకొని పోవును. తిరుగని గుండు గాలిలో పక్కలకు వాలి గురి తప్పును.

చాళ్ళుగల గొట్టములు 16వ శతాబ్ది నాటికే ఐరోపాలో తెలిసియుండెను. అయినను, వాటి ప్రయోజనమును గణితముతోను ప్రయోగముతోను వివరించిన వారిలో మొదట చెప్పదగినవాడు ఆంగ్ల గణితవేత్త బెంజమిన్ రాబిన్సు. ఇతడు ఫిరంగి విద్యపై తన ప్రసిద్ధ గ్రంథమును 1742లో ప్రకటించెను. గుండు వేగమును కొలుచుటకు పెద్ద లోలకమును వాడి చూపెను. 1747లో చాళ్ళుగల గొట్టములను గూర్చి లండనులోని రాయల్ సొసైటీలో ఒక వ్యాసము చదివెను. వాటి గుణమును సంపూర్ణముగా గ్రహించి తన సైన్యమునకు ఇచ్చిన జాతి ఇతరులను మించిపోవునని ఇతడు తలంచెను. తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, చెన్నపట్టణపు ప్రాంతమందలి కోటలను బలపరచుటకు మన దేశమునకు వచ్చి, 1751లో కడలూరు సమీపమునందలి సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. రైఫిలు శాస్త్రమునకు పునాది వేసినవాడు దక్షిణ దేశపు మట్టిలోనే కలిసిపోయెను.

రాబిన్సు చెప్పినది నిజమగుటకు మరియొక నూరు సంవత్సరములు పట్టెను. దీనికి కారణము కలదు. గట్లు గుండును పట్టుకొనవలెనన్న గుండు గొట్టమునకు బిగువుగా నుండవలెను. బిగువుగా నున్న గుండును మూతినుండి లోపలికి దించుటకు సుత్తితో కొట్టవలసివచ్చెడిది. యుద్ధభూమిలో అంత సావకాశము ఉండదు. 1849లో ఫ్రెంచి సైనికోద్యోగి మినియే ఈ చిక్కును విప్పెను. ఆయన గుండు వెనుక భాగమున గుంట యుండెను. గుండు వదులుగానే గొట్టములోనికి జారును. మందు పేలగానే ఆ వాయువుల ఒత్తిడికి వెనుక అంచు ఉబ్బి చాళ్ళలోనికి ఒదుగును. ఈ సూత్రముపైననే ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డు కర్మాగారమున 1853 నమూనా రైఫిలు తయారయ్యెను. దాని గొట్టము పొడవు 39 అంగుళములు, లోపలి వ్యాసము 0.577 అంగుళము. లోపల మూడు చాళ్ళు, 78 అంగుళములకు ఒక చుట్టు చొప్పున మెలిక తిరిగి యుండెను. గుండు సెకనుకు 900 అడుగుల వేగముతో వెడలినచో అది సెకనుకు సుమారు 138 మారులు తన చుట్టు తాను తిరుగునని విద్యార్థులు సులభముగా లెక్కకట్టవచ్చును. పాత నున్నని మస్కెట్టుతో నూరు గజములు దాటిన పిదప ఒక మనిషిని గురిచూచి కొట్టుట కష్టము. ఎన్‌ఫీల్డు రైఫిలు గురిపట్టీపై గుర్తులు మాత్రము 900 గజముల వరకును, అంతకు మించియు నుండెను.

ఇనుపపట్టీ నుండి గొట్టము

ఆ కాలమున గొట్టమును ఎట్లు చేసెడివారో తెలిసికొన్నచో కమ్మరికి దానిపై గల అధికారమేమో తెలియును. పూర్వపు కమ్మరి ఇనుపపట్టీని ఎర్రగా కాచి, ఒక కడ్డీ చుట్టు చుట్టి, అంచులు ఒకదానితో ఒకటి కలిసిపోవునట్లు సుత్తితో కొట్టి, గొట్టముగా అతికెడివాడు. తరువాత లోపలి భాగమును తొలిచి నునుపు చేసెడివాడు. దీనికి మెత్తగా సాగు ఇనుము కావలెను. కఠినమైన ఉక్కు పెళుసుదగుటచే మందు ఒత్తిడికి పగులు భయము కలదు. ఉత్తర తెలంగాణపు పనివారికి ఈ రెండు లోహముల భేదము చక్కగా తెలియును. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో మూసలలో కరగించి చేసిన ఉక్కు కత్తులకు ప్రసిద్ధి పొంది, దానిని కొనుటకు పారశీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు. ఆ తయారీ విధమును కన్నులార చూచి వ్రాసిన వాయ్సీ అను ఆంగ్లుని వివరణము 1832లో ప్రకటితమయ్యెను. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండునందలి ఎక్సెటర్ విశ్వవిద్యాలయము కలిసి జరిపిన క్షేత్ర పరిశోధనలో ఉత్తర తెలంగాణమునందలి అనేక గ్రామములలో ఇనుము కరగించిన చిట్టెపు కుప్పలు, కొలుముల ఆనవాళ్ళు గుర్తింపబడినవి.

చేతిపని గొట్టముల కాలమున ప్రతి తుపాకియు ప్రత్యేకమైనదే. ఒకదాని గొట్టము మరియొకదానికి సరిపోదు. కాబట్టి గొట్టము చెడినప్పుడు మార్చుట కన్న ఉన్నదానినే సవరించుట మేలుగా నుండెడిది. మూతి చీలినచో ఆ భాగమును కోసివేసెడివారు. చాళ్ళు అరిగినచో కొంచెము పెద్దదిగా తొలిచి, క్రొత్త చాళ్ళు తీసి, పెద్ద గుండును వాడెడివారు. 1850 దశాబ్దములో ఎన్‌ఫీల్డు కర్మాగారము అమెరికానుండి యంత్రములను తెప్పించి, ఒకదాని భాగము మరియొకదానికి సరిగా అమరునట్లు తుపాకులను చేయనారంభించెను. అప్పటినుండి గొట్టమును విప్పి క్రొత్తదానిని బిగించుట సులభమయ్యెను. బాగుచేయుటయా, మార్చుటయా అను ప్రశ్న నిజముగా పుట్టినది ఇక్కడనే. అంతకుముందు మార్చుటకు అవకాశమే స్వల్పము.

1858: గొట్టమును తొలిచిన కథ

ఎన్‌ఫీల్డు రైఫిలు మన దేశమునకు వచ్చిన వెంటనే చరిత్రలో నిలిచిపోయెను. దాని తూటా కాగితమునకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిరను వార్త వ్యాపించి, 1857లో సిపాయిలు తిరుగబడుటకు ఒక కారణమయ్యెను. ఆనాటి ఢిల్లీలోని వ్రాతలలో సిపాయిలను తరచుగా 'తిలంగా'లని పేర్కొనిరి. ఆ పేరు తెలుగు దేశము నుండి వెళ్ళినదే. 1756-57లో క్లైవు చెన్నపట్టణము నుండి బంగాళమునకు కొనిపోయిన సిపాయిలలో తెలుగువారుండుటచే ఆ పేరు మొదలై, పిదప అవధు మొదలగు ప్రాంతముల సిపాయిలందరికిని అంటుకొనెనని చెప్పుదురు. 1857 జులై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున బ్రిటిషు రెసిడెన్సీపై దాడి జరిగెను. అనగా అపనమ్మకము ఉత్తరమునకే పరిమితము కాలేదు.

తిరుగుబాటు అణగిన పిదప ఆంగ్ల ప్రభుత్వమునకు ఒక చిక్కు వచ్చెను. దేశీయ సిపాయిలు లేనిదే ఇంత పెద్ద దేశమును కాపాడుట సాధ్యము కాదు. వారి చేతికి ఆంగ్ల సైనికునితో సమానమైన రైఫిలును ఇచ్చుటకు మాత్రము ధైర్యము చాలలేదు. దూరమునకు గురిగా కొట్టు శక్తి సిపాయికి ఉండరాదని నిర్ణయించిరి. కాని క్రొత్తగా వేరొక తుపాకిని రూపొందించుటకు కాలము, ధనము కావలెను. 1853 నమూనా గొట్టములు సిద్ధముగా నుండెను. అందువలన ఆ గొట్టములనే తీసికొని, చాళ్ళు పూర్తిగా పోవునంతవరకు లోపల తొలిచివేసిరి. 0.577 అంగుళముగా నుండిన లోపలి వ్యాసము 0.656 అంగుళమయ్యెను. దూరమునుబట్టి లేపి దింపదగిన గురిపట్టీని తొలగించి, ఒకే గంటు గల కదలని గురిని అమర్చిరి. దీనినే 1858 నమూనా మస్కెట్టు అనిరి. పైకి చూచుటకు అది ఎన్‌ఫీల్డు రైఫిలే. లోపల మాత్రము అది నూరేండ్ల క్రిందటి తుపాకి. గుండునకును గోడకును నడుమ సందు మిగులును. ఆ సందునుండి మందు వాయువులు వృథాగా పోవును. గుండు ఇటునటు తగులుచు పోయి, మూతినుండి ఏ దిక్కున వెడలునో నిశ్చయముగా చెప్పుట సాధ్యము కాదు.

ఒక లెక్క

తొలిచినవారు గురిని చెడగొట్టవలెనని తలంచిరి. అది నెరవేరెను. దానితో పాటు వారు తలంపని మరియొక ఫలితము కూడ కలిగెను. గొట్టము బలము తగ్గెను. ఎంత తగ్గెనో ఉన్నత పాఠశాల విద్యార్థియే లెక్కకట్టవచ్చును.

వ్యాసము 0.577 నుండి 0.656 అంగుళమునకు పెరిగినదనగా తేడా 0.079 అంగుళము, అనగా సుమారు 2 మిల్లీమీటర్లు. గోడ నుండి చుట్టును ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున పోయినది. వృత్త వైశాల్యముల తేడాను గొట్టపు పొడవుతో హెచ్చించినచో, చాళ్ళ లోతును లెక్కలోనికి తీసికొనకున్నను, తొలిచిన ఇనుము సుమారు 49 ఘన సెంటీమీటర్లు. ఇనుము సాంద్రతను 7.8గా తీసికొన్నచో ఇది సుమారు 380 గ్రాములు. ప్రతి తుపాకి నుండియు దాదాపు ఇంత ఇనుమును రజనుగా పారవేసిరన్నమాట.

గోడ బలమును చూచుటకు మూతి వద్ద గొట్టము బయటి వ్యాసమును ఉదాహరణకు 0.8 అంగుళముగా తీసికొనవచ్చును. మొదట గోడ మందము 0.1115 అంగుళము. తొలిచిన పిదప 0.072 అంగుళము. అనగా మందములో 35 శాతము పోయినది. లోపలి ఒత్తిడి వలన గొట్టపు గోడలో చుట్టును కలుగు బిగువు సుమారుగా లోపలి వ్యాసార్ధమును మందముతో భాగించిన భాగఫలమునకు అనుపాతములో నుండును. మొదట ఈ భాగఫలము 2.59, తరువాత 4.56. ఒకే ఒత్తిడికి గోడపై పడు బిగువు ముప్పావు వంతుకు పైగా పెరిగినది. గొట్టము వంగకుండ నిలుచు శక్తి బయటి, లోపలి వ్యాసముల నాలుగవ ఘాతముల తేడాను అనుసరించును. ఇది నూటికి 25 వంతులు తగ్గినది.

ఈ లెక్క కాగితముపై నిలిచిపోలేదు. 1858 నమూనా గొట్టములు వాడుకలో ఉబ్బుటకును వంగుటకును లోనయ్యెను. మూతికి బాయొనెట్టును బిగించి పొడుచుట సిపాయికి నిత్యాభ్యాసము. పలుచనైన మూతి ఆ శ్రమను ఓర్వలేకపోయెను. తయారుచేసినవారు ఒక సంవత్సరములోనే తప్పు గ్రహించి, 1859 నమూనాను తెచ్చిరి. దీని లోపలి వ్యాసము 0.656 అంగుళమే. చాళ్ళు ఇందులో కూడ లేవు. కాని ఇది తొలిచిన పాత గొట్టము కాదు. ఈ వ్యాసమునకు తగినట్లు మందమైన గోడతో క్రొత్తగా చేసిన గొట్టము. చౌకగా ముగియునని మొదలుపెట్టిన సవరణ చివరకు క్రొత్త గొట్టము వద్దకే చేరెను.

ఈ రెండు సంవత్సరముల కథలో రెండు పాఠములు కలవు. గొట్టము లోపలి భాగము పెద్దదైనచో బయటి భాగము కూడ దానికి తగినట్లు పెద్దది కావలెననుట మొదటిది. ఇది లోహశాస్త్రము. తన సిపాయిని నమ్మలేని ప్రభుత్వము తన తుపాకినే చెడగొట్టుకొనెననుట రెండవది. ఇది చరిత్ర. ఉబ్బిన గొట్టము పేలినచో గాయపడునది దానిని పట్టుకొనిన సిపాయి. ఆంగ్ల సైనికుని చేతిలో మాత్రము చాళ్ళుగల మందమైన గొట్టమే నిలిచెను.

ఒక తరము వెనుక

ఈ తేడా 1859తో ముగియలేదు. 1866లో బ్రిటిషు సైన్యము స్నైడరు పద్ధతిని స్వీకరించెను. అమెరికా దేశస్థుడైన జేకబ్ స్నైడరు ఎన్‌ఫీల్డు గొట్టమును పారవేయక, దాని వెనుక భాగమును కొంత కోసి, తెరచి మూయదగిన మూతను బిగించెను. తూటాను మూతి నుండి దించుటకు బదులు వెనుకనుండి పెట్టుటకు వీలయ్యెను. గొట్టపు గోడను ముట్టుకొనక, చాళ్ళను చెరపక చేసిన ఈ సవరణ సఫలమయ్యెను. 1858 నాటి తొలుపుడుకును దీనికిని గల భేదమును విద్యార్థులు గమనింపవలెను. రెండును పాత గొట్టమును సవరించినవే. ఒకటి గొట్టమునకు ప్రాణమైన భాగమును తీసివేసెను. రెండవది ఆ భాగమును కాపాడి మిగిలినదానిని మార్చెను.

1871లో మార్టినీ-హెన్రీ రైఫిలు వచ్చెను. ఆంగ్ల సైనికులకు అది అందిన కాలమున దేశీయ పటాలములకు స్నైడరులు లభించెను. ఆంగ్లులకు తూటాల పెట్టె గల రైఫిళ్ళు అందినప్పుడు దేశీయులకు మార్టినీలు లభించెను. ఎల్లప్పుడు ఒక తరము వెనుక నుంచుట రాజ్యనీతియయ్యెను. 1878 ఆయుధ చట్టము సామాన్య ప్రజలకు కూడ అనుమతిపత్రము లేనిదే ఆయుధము నుంచుకొనరాదని విధించెను.

మార్చిన గొట్టములు

పొగ రాని మందు రాకతో గొట్టములను మార్చుట అనివార్యమయ్యెను. 1888లో వచ్చిన లీ-మెట్‌ఫర్డు రైఫిలు లోపలి వ్యాసము 0.303 అంగుళము. ఇందులో ఏడు చాళ్ళు కలవు. అవి లోతు తక్కువగా, అంచులు గుండ్రముగా నుండెను. నల్లమందు మసి పేరుకొనకుండుటకు ఈ రూపము మంచిది. పిదప కార్డైటు అను పొగ రాని మందు వాడుకలోనికి వచ్చెను. దాని వాయువుల వేడిమి చాల ఎక్కువ. ఆ వేడికి లోతులేని చాళ్ళు త్వరగా కరిగి అరిగిపోయెను. ఇట్టి గొట్టమును కొంచెము పెద్దదిగా తొలిచి క్రొత్త చాళ్ళు తీయుట సైన్యమునకు ఉపయోగింపదు. తొలిచినచో లక్షలకొలది సిద్ధముగా నున్న 0.303 తూటాలు దానికి సరిపోవు. అందుచే చాళ్ళ రూపమునే మార్చి, ఐదు లోతైన చాళ్ళతో క్రొత్త గొట్టమును చేసిరి. 1895లో వచ్చిన లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు ఇదే. దీని గొట్టములో పది అంగుళములకు ఒక చుట్టు. గుండు సెకనుకు 2,440 అడుగుల వేగముతో వెడలినప్పుడు సెకనుకు 2,900 మారులకు పైగా తిరుగును.

అదే కాలమున పాత మార్టినీ-హెన్రీలకు కూడ పాత గొట్టమును విప్పి, 0.303 అంగుళపు క్రొత్త గొట్టమును బిగించిరి. వీటిని మార్టినీ-ఎన్‌ఫీల్డులనిరి. మార్టినీ గొట్టము లోపలి వ్యాసము 0.45 అంగుళము. దానిని చిన్నదిగా చేయు సవరణ తొలుపుడుతో సాధ్యము కాదు. కావున మార్చుటయే శరణ్యము. చిన్న వ్యాసము కావలెనన్న మరియొక దారి కలదు. పాత గొట్టమును పెద్దదిగా తొలిచి, దానిలో మరియొక సన్నని గొట్టమును దూర్చి బిగించుట. 1860 దశాబ్దములో పాలిజరు అను ఆంగ్ల సైనికోద్యోగి పాత పోతయినుప ఫిరంగులను ఈ విధముగనే బాగుచేసెను. తొలిచిన ఫిరంగిలో చాళ్ళుగల మెత్తని ఇనుప గొట్టమును చొప్పించుటచే నున్నని పాత ఫిరంగి రైఫిలు ఫిరంగిగా మారెను. ఇక్కడ తొలిచిన ఇనుము స్థానమున మరియొక ఇనుము వచ్చి చేరెను. నాగటి కర్రునకు కమ్మరి వేయు అతుకునకు తుపాకి లోకమున దీనికి మించిన పోలిక లేదు.

ఇషాపూరు మస్కెట్టు

1858 నాటి ఆలోచన ఇరువదవ శతాబ్దిలో మరల తల ఎత్తెను. ఈసారి అది పోలీసుల కొరకు. బంగాళములోని ఇషాపూరు రైఫిలు కర్మాగారములో లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్ళ గొట్టములలో చాళ్ళను తొలిచివేసి, లోపలి వ్యాసమును 0.410 అంగుళము చేసిరి. తూటాల పెట్టె స్థానమున కొయ్యముక్కను బిగించి, ఒక్కొక్క తూటాను మాత్రమే పెట్టి పేల్చునట్లు చేసిరి. 0.303 తూటా డొప్పను మెడ నొక్కకుండ తిన్నగా ఉంచి దీనికి వేరుగా తూటాలు చేసిరి. సైన్యపు 0.303 గుండు ఈ గొట్టములో వదులుగా జారును; దానిని పట్టుకొని తిప్పుటకు గట్లు లేవు. అనగా ఈ తుపాకి ఎవరి చేతిలో పడినను సైన్యపు తూటాతో గురిగా కొట్టుటకు వీలు లేదు.

తుపాకికి ప్రాణము తూటాలోనే యున్నదని తెలుగువారి చరిత్ర కూడ చెప్పును. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసినప్పుడు అల్లూరి సీతారామరాజు అనుచరులు తుపాకులను మాత్రమే తీసికొని పోలేదు, వాటి తూటాలను కూడ కొనిపోయిరి. సరియైన తూటా లేనిచో ఎంత మేలైన గొట్టమైనను ఇనుప కర్రయే. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటములో గ్రామస్థులు మొదట వడిసెలలతోను, మూతినుండి మందు దట్టించు బర్మారు తుపాకులతోను నిలిచిరి. బర్మారునకు కొలత తప్పినను చిక్కు లేదు. గొట్టమునకు పట్టు గుండు ఏదైనను అందులో సాగును. గురి మాత్రము దగ్గరలోనే.

0.410 సవరణలో బలము విషయమున 1858 నాటి తప్పు మరల జరుగలేదు. వ్యాసము 0.107 అంగుళము పెరిగి, లోపలి వైశాల్యము 83 శాతము హెచ్చెను. అయినను ఈ గొట్టము పాత ఇనుముతో కాక ఉక్కుతో చేసినది. 0.303 తూటా కలిగించు గొప్ప ఒత్తిడికై దానిని నిర్మించిరి. తరువాత దానిలో వాడిన తూటాయే వేరు. బలము మిగులుగా నున్న గొట్టమును తొలుచుట వేరు, చాలీచాలని గొట్టమును తొలుచుట వేరు.

స్వాతంత్ర్యానంతరము అదే ఇషాపూరులో ఇంకొక నిర్ణయము జరిగెను. 1962 చైనా యుద్ధము పిదప సైన్యమునకు 7.62 మిల్లీమీటర్ల తూటాను వాడు రైఫిళ్ళు కావలసివచ్చెను. ఈ తూటా ఒత్తిడి 0.303 తూటా ఒత్తిడికన్న ఎక్కువ. పాత లీ-ఎన్‌ఫీల్డులను సవరించుటకు మారుగా, పాత రూపమునే ఉంచి, మేలైన ఉక్కుతో రైఫిలునంతను క్రొత్తగా చేసిరి. 2ఎ అను పేరుగల ఈ రైఫిలు 1960 దశాబ్దములో తయారయ్యెను. ఒత్తిడి పెరుగునప్పుడు సవరణను నమ్మరాదను సూత్రమును స్వతంత్ర భారతదేశపు ఇంజనీర్లు పాటించిరి.

కమ్మరి చేయదగినది, చేయదగనిది

పై ఉదాహరణములన్నిటిని కలిపి చూచినచో నియమము స్పష్టమగును. గొట్టము చివర మాత్రమే చెడినచో ఆ భాగమును కోసి సరిచేయవచ్చును. లోపల అరిగి, గోడ మందము మిగులుగా నుండి, పెద్ద గుండు లభించునట్లున్నచో తొలిచి క్రొత్త చాళ్ళు తీయవచ్చును. పాత వ్యాసమే కావలెనన్నచో లోపల మరియొక గొట్టమును దూర్పవచ్చును. గోడ పలుచనైనను, ఉబ్బు కనిపించినను, పగులున్నను, లేక క్రొత్త తూటా ఒత్తిడి పాతదానికన్న ఎక్కువైనను గొట్టమును మార్చుట తప్ప గత్యంతరము లేదు. సవరించిన గొట్టమును మరల బలపరీక్షకు పంపవలెను. ఈ పరీక్షలో మామూలుకన్న ఎక్కువ ఒత్తిడి కలిగించు తూటాను, మనిషి దగ్గర లేకుండ, పేల్చి చూచెదరు. ఇంగ్లండులో బర్మింగుహాము పరీక్షాలయము 1813 నుండియు ఈ పనికై కలదు.

మన దేశమున ఈ విషయము చట్టమునకు లోబడినది. 1959 ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఆయుధములను తయారుచేయుట, బాగుచేయుట, మార్పుచేయుట, పరీక్షించుట అనుమతిపత్రము గలవారే చేయవలెను. గొట్టమును కోసి పొట్టిచేయుటకు కూడ వేరుగా అనుమతి కావలెను. గొట్టములోని ఒక మిల్లీమీటరు ఇనుము పట్టుకొనినవాని ప్రాణమునకును, ఎదుటివాని ప్రాణమునకును సంబంధించినది గనుక ఈ కట్టుబాటు ఉచితమే.

గ్రామ కమ్మరి కర్రును చేతికి తీసికొనగానే మొదట మొన వంక చూడడు. ఇంకను ఎంత ఇనుము మిగిలినదని చూచును. సాగగొట్టుటకు చాలినంత ఉన్నచో కొలిమిలో పెట్టును. లేనిచో క్రొత్తది కొనుమని రైతుతో చెప్పును. 1858లో ఎన్‌ఫీల్డు గొట్టములను తొలిపించినవారికి మేలైన యంత్రములు, కొలబద్దలు, గణితజ్ఞులు కలరు. కాని వారు అడిగిన ప్రశ్న, సిపాయి చేతిలో ఎంత శక్తి మిగులవలెనని. ఎంత ఇనుము మిగులునని అడుగలేదు. ఆ ప్రశ్న అడుగుటకు వారికి ఒక సంవత్సరము పట్టెను. ఆలోపల ఆ పలుచని గొట్టములను భుజముపై మోసినవారు మన సిపాయిలు.